పొలం గట్టు టేకు ఇంటి గుమ్మాలకు పనికొస్తుందా?

అడిగింది ఇది: జగిత్యాల దగ్గర పొలం గట్టున 20 ఏళ్ల టేకు చెట్లు ఆరు ఉన్నాయి. ఛాతీ ఎత్తులో పట్టతో కలిపి చుట్టుకొలత ఒక్కోదానికి 36 అంగుళాల దాకా ఉంది, కింది నుంచి పన్నెండు అడుగుల పైచిలుకు మాను తిన్నగా ఉంది. కడుతున్న ఇంటికి ఒక సింహద్వారం, నాలుగు లోపలి గుమ్మాలు, ఆరు కిటికీలు కావాలి. వడ్రంగి మాత్రం "గట్టు టేకుకు చెదలు పడుతుంది, పనికిరాదు, డిపో టేకే కొనండి" అంటున్నాడు. ఆయన మాట వినాలా?

సగం వినండి. నాలుగు లోపలి గుమ్మాలకు, మూడు కిటికీల ఫ్రేములకు మీ చెట్లు బాగా సరిపోతాయి. మిగతా మూడు కిటికీలకు చెక్క కొనాలి, సింహద్వారానికి మాత్రం పెద్ద మాను చెక్క కొనుక్కోండి. గట్టు మీద పెరిగినందుకు మీ టేకును తీసిపారేయాల్సిన పని లేదు. చూడాల్సింది ఆ చెట్టులో చేవ (మాను లోపలి ముదురు రంగు చెక్క) ఎంత ఉంది, కోశాక ఎంతకాలం ఆరబెట్టారు అన్నవే. "టేకు గుమ్మం పాడైంది" అని జనం చెప్పుకునే వాటిలో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే చెడినవి.

ముందు చెదల సంగతి. టేకును చెదలు ముట్టదన్న మాట చేవ వరకే నిజం. చేవలో టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు, మైనం లాంటి నూనె ఉంటాయి, చెదలకు అవి గిట్టవు. పట్ట కింద చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఈ రక్షణ లేదు. చెట్టు నీళ్లు మోసేది దానిలోనే, పిండి పదార్థం దాచుకునేది కూడా దానిలోనే. అందుకే చెదలు దాన్ని తింటాయి, చెక్కపురుగు దాన్ని తొలిచి మెత్తటి పిండి రాలుస్తుంది. ఎనభై ఏళ్ల అడవి మానులో తెల్లచెక్క పలచటి అంచు మాత్రమే. ఇరవై ఏళ్ల చెట్టులో అది చుట్టూ అంగుళం నుంచి అంగుళంన్నర దాకా ఉంటుంది. కోతమిల్లులో ఆ తెల్లచెక్క కలిసిన ముక్కలనే గుమ్మానికి పెడితే నాలుగేళ్లలో అడుగు భాగం పొడైపోతుంది. మీ వడ్రంగి చూసినవి అలాంటివే అయ్యుంటాయి. లేత చెట్టు చేవ కూడా ముదురు మాను చేవంత గట్టిగా చెదలను ఆపలేదు, అది ఒప్పుకోవాలి. ఇంటి లోపల, వాన తడవని చోట వాడేటప్పుడు ఆ తేడా పెద్దగా బాధించదు.

బలం విషయంలో మాత్రం "వేగంగా పెరిగింది కాబట్టి బోలు" అన్నది టేకుకు వర్తించని మాట. మాను అడ్డకోత మీద నీళ్లు చల్లి దగ్గరగా చూడండి. ప్రతి ఏటి వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాలు ఒక వరసలో కనిపిస్తాయి, ఆ తరువాత గట్టి చెక్క ఉంటుంది. వేగంగా పెరిగిన ఏడాది ఆ రంధ్రాల వరస అంతే ఉండి, వెనకున్న గట్టి భాగమే వెడల్పవుతుంది. కాబట్టి నీళ్లు బాగా అందిన చెట్టు చెక్క అందువల్లనే తేలికైపోదు. ఇబ్బందంతా మాను నడిబొడ్డున, మొదటి కొన్నేళ్లలో వేసిన వలయాల దగ్గర ఉంటుంది. ఆ భాగం వంకర తిరుగుతుంది, చీలుతుంది. దాన్ని ఎలా కోయాలో కింద చెబుతాను. సాగు టేకంటే చులకన కూడా వద్దు. దేశమంతా పేరున్న కేరళలోని నీలంబూరు టేకు సాగు టేకే. అక్కడ 1840లలో మలబారు కలెక్టరు కానొలీ, అటవీ అధికారి చాత్తు మేనోన్ కలిసి మొదలుపెట్టిన తోటలవే ఆ మానులు.

ఇక లెక్క. మానును కొలిచే పాత పద్ధతి ఇది: పట్ట తీసి, మాను నడుమ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగించాలి. మీ చెట్టుకు పట్టతో 36 ఉంది. పట్ట అరంగుళం మందమైతే చుట్టుకొలతలో 3 అంగుళాలు పోతాయి. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది కాబట్టి పన్నెండు అడుగుల ముక్కకు నడుమ 32, పై చివర 28 అనుకోండి. 32ను నాలుగుతో భాగిస్తే 8, ఎనిమిదెనిమిదులు 64, దాన్ని 12తో గుణించి 144తో భాగిస్తే 5.33 ఘనపుటడుగులు. ఆరు చెట్లకు 32. ఈ పాత కొలతలో ఒక ఘనపుటడుగంటే అసలు పరిమాణంలో 1.27 ఘనపుటడుగులు, కోతలో పోయేదానికి ముందే వదిలిన వాటా అది. కాబట్టి అసలు చెక్క దాదాపు 40 ఘనపుటడుగులు ఉంటుంది. ఎవరైనా మీ మానులు కొంటామని వచ్చినప్పుడు ఏ కొలతలో అడుగుతున్నారో, పట్టతో కొలిచారో పట్ట లేకుండానో ముందే తేల్చుకోండి. మోసపోయేది ఎక్కువగా అక్కడే.

ఈ నలభైలో మీ చేతికొచ్చే శుద్ధమైన చేవ ఎంత? పై చివర చుట్టుకొలత 28 అంటే అడ్డం (వ్యాసం) 8.9 అంగుళాలు. రెండు వైపులా అంగుళం చొప్పున తెల్లచెక్క తీసేస్తే చేవ అడ్డం 6.9 అంగుళాలు. ఆ గుండ్రంలో 4¼ × 2⅝ అంగుళాల పచ్చి ముక్కలు రెండు పడతాయి, మూలలు సరిగ్గా చేవ అంచును తాకుతాయి. అంటే ఆరి, చిత్రిక పట్టాక 4 × 2½కు కాస్త తక్కువ. లోపలి గుమ్మానికి అది చాలు. సింహద్వారానికి వేసే 5 × 3, 6 × 3 సైజులు ఆ గుండ్రంలో జతగా రావు. ఒక్కటే తీద్దామంటే నడిబొడ్డు ఆ ముక్క లోపలే చిక్కుకుంటుంది, కొన్నాళ్లకు నిలువునా చీలుతుంది. సింహద్వారానికి కొనమన్నది ఇందుకే.

చెట్టు కొట్టకముందే తెల్లచెక్క మందం చూసుకోవచ్చు. నిచ్చెన వేసుకుని, మాను ఎక్కడ కోయబోతున్నారో ఆ పన్నెండున్నర అడుగుల ఎత్తులో డ్రిల్లుతో సన్నటి రంధ్రం వేయండి. మొదట పాలిపోయిన పొట్టు వస్తుంది, కాసేపటికి గోధుమ రంగు పొట్టు, దానితో పాటు పాత తోలు వాసన మొదలవుతుంది. రంగు మారినచోట ఆపి, బిట్టు ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలవండి. పట్ట మందం తీసేస్తే మిగిలింది తెల్లచెక్క. అంగుళం ఉంటే పై లెక్క నడుస్తుంది. అంగుళంన్నర ఉంటే 4 × 2 ముక్కలే వస్తాయి. అవి కిటికీలకు సరే, గుమ్మానికి పలచన. అప్పుడు తొందరపడకుండా ఆ చెట్టును ఇంకో అయిదారేళ్లు వదిలేయడం మేలు. చేవ ఏటేటా పెరుగుతుంది.

ముక్కల పొడవు లెక్క ఘనపుటడుగుల కన్నా ముఖ్యం. ఆరు మానుల నుంచి పన్నెండు అడుగుల ముక్కలు పన్నెండు వస్తాయి, మొత్తం 144 అడుగులు. గడప లేని లోపలి గుమ్మానికి నిలువులు రెండు 7 అడుగుల 3 అంగుళాలు, పై అడ్డం 4 అడుగులు, కలిపి 18½. నాలుగింటికి 74. నాలుగడుగుల చదరపు కిటికీకి, మధ్యలో ఒక నిలువు ఉంటే, అడ్డాలు రెండు నాలుగున్నర, నిలువులు మూడు నాలుగు చొప్పున, కలిపి 21. మూడింటికి 63. మొత్తం 137, మిగిలేది 7. కోయించేటప్పుడు ఎనిమిది ముక్కలను 7¼, 4¾గా విడదీయండి. ఎనిమిది నిలువులూ అక్కడే అయిపోతాయి. మిగిలిన ఎనిమిది పొట్టి ముక్కల్లో నాలుగు గుమ్మాల పై అడ్డాలకు, నాలుగు కిటికీల అడ్డాలకు. తక్కిన నాలుగు పొడవు ముక్కల్లో మూడు కిటికీ నిలువులకు, ఒకటి మిగతా రెండు అడ్డాలకు. ఈ పట్టీ కాగితం మీద రాసి మిల్లుకు పట్టుకెళ్లండి. అది లేకపోతే మిల్లువాళ్లు చేయి అలవాటు కొద్దీ మానును ఏడు, అయిదు అడుగులుగా నరికేస్తారు, ఒక కిటికీ చెక్క చివరి ముక్కల కుప్పలో పోతుంది.

ఈ పొడవులు దక్కాలంటే మానును పన్నెండుకు కాదు, పన్నెండున్నర అడుగులకు కోయించండి. ఆరేటప్పుడు రెండు చివర్లూ కొంత చీలతాయి, చెరి మూడంగుళాలు పారేయాల్సిందే. మొదలు దగ్గర టేకు మాను పలుమార్లు గాడులు గాడులుగా ఉంటుంది. గాడి లోతుగా ఉంటే ఆ భాగం దాటాకే పొడవు లెక్కపెట్టండి. పన్నెండున్నర పైన మిగిలే సన్నటి మానులో అయిదంగుళాల చేవ దొరికితే వెంటిలేటర్ ఫ్రేములు, పీటలు, స్టూలు కాళ్లు అవుతాయి. పక్కల నుంచి వచ్చే అంగుళం పలకల్లో చేవ ఉన్నంత మేర బీడింగుకు (అంచుల మీద కొట్టే సన్నబద్దలకు) దాచుకోండి. నలభై ఘనపుటడుగుల మానులో గుమ్మాలకు, కిటికీలకు పోయేది పది ఘనపుటడుగులే అని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లేత చెట్టు లెక్క అంతే. తెల్లచెక్కను కూడా కలుపుకుని ఇరవై తీస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

అనుమతి మరిచిపోకండి. సొంత పొలమైనా టేకు కొట్టడానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 కింద అనుమతి కావాలి, మాను రోడ్డెక్కడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ కావాలి. పట్టాదారు పాసుపుస్తకం నకలు, సర్వే నంబరు, చెట్ల సంఖ్య, కొలతలతో రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. వాళ్లొచ్చి చూసి, కొలిచి, గుర్తు వేస్తారు. పర్మిట్ చేతికొచ్చేదాకా గొడ్డలి ముట్టొద్దు. కాగితం లేని టేకును దారిలో పట్టుకుంటే మానుతో పాటు బండి కూడా పోతుంది, పద్ధతిగా నడిచే మిల్లు లోపలికి రానివ్వదు.

కొట్టడం ఆకు రాలాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వానాకాలం కొడితే తెల్లచెక్కకు బూజు, పురుగు త్వరగా పడతాయి. ఏప్రిల్, మే ఎండలో కొడితే చివర్లు గంటల్లో పగులుతాయి. మొద్దును నేల నుంచి ఆరంగుళాల ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా, పట్ట చీలకుండా కోయండి. టేకు మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వచ్చిన పిలకల్లో తిన్నగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేస్తే, వేళ్లు ముందే ఉన్నాయి కాబట్టి కొత్త మొక్క కన్నా వేగంగా లేస్తుంది. కోసిన వెంటనే, అదే రోజు, మాను రెండు చివర్లకూ పాత ఆయిల్ పెయింటో కరిగించిన మైనమో మందంగా పూయండి. చెక్క చివరి నుంచి నీరు పక్కల కన్నా చాలా వేగంగా పోతుంది, అందుకే అక్కడ ముందు పగులుతుంది. రెండో రోజు పూస్తే పగుళ్ల మీద రంగు వేసినట్టే.

మిల్లులో మొదటి కోత నడిబొడ్డు మీదుగా పోవాలి. మానును సరిగ్గా రెండు బద్దలు చేస్తే ఆ లేత వలయాలు కోత ముఖాన పడతాయి, చిత్రికలో కొంత పోతాయి, మిగిలింది గోడ వైపు తిప్పుకోవచ్చు. పైగా లేత మానులో లోపల బిగువు ఎక్కువ. బద్ద చేయగానే రెండు ముక్కలూ విల్లులా బయటికి వంగడం కళ్ల ముందే కనిపిస్తుంది. వంగింది కదా అని కంగారు పడకండి. తిరగేసి, అంచు తిన్నగా చేసుకుని, తర్వాత సైజుకు కోయమనండి. ఒకే దెబ్బన సైజు కోతకు పోతే అన్నీ అరటిపండ్లలా వస్తాయి. టేకులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి. మొద్దు పళ్లతో లాగితే చెక్క మాడి నల్లగీతలు పడతాయి. రంపం ముందే పదును పట్టించమని అడగడానికి మొహమాటపడొద్దు. కార్బైడ్ పళ్ల రంపమైతే మరీ మంచిది.

సైజు ఎంత ఎక్కువ పెట్టాలి? టేకు తక్కువగా కుంచించుకునే చెక్క, దాని గొప్పంతా అదే. పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం తగ్గుతుంది. మనం గుమ్మానికి వాడే తేమ దగ్గరికి, అంటే 12 శాతం దాకా ఆరేసరికి అందులో అయిదింట మూడొంతులు జరిగిపోతుంది. నాలుగంగుళాల ముక్క వెడల్పులో ఒక నూలు కన్నా కాస్త ఎక్కువ పోతుందని పెట్టుకోండి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చిత్రికకు ఇంకో నూలు. 4¼ కోయించమన్నది ఇందుకే.

ఇప్పుడు అసలు పని, ఆరబెట్టడం. నేను దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది దాటేసేది ఇదే. నేల నుంచి అడుగు ఎత్తున ఇటుకలు పేర్చి, వాటి మీద దిమ్మలు సమమట్టంగా పెట్టండి. మట్టం తప్పితే ముక్కలు ఆ వంకరలోనే ఎండి అలాగే ఉండిపోతాయి. ఒక వరస ముక్కలు పేర్చి, పైన అంగుళం మందం పొడి పుల్లలు రెండేసి అడుగులకు ఒకటి అడ్డంగా పెట్టి, మళ్లీ ఇంకో వరస. పై వరస పుల్ల కింది వరస పుల్ల మీదే నిటారుగా రావాలి, పక్కకు జరిగితే బరువు పడి ముక్క నడుమ కుంగుతుంది. పుల్లలు కూడా ఒకే మందం ఉండాలి, పచ్చివి అస్సలు వద్దు, చెక్క మీద మరకలు పడతాయి. పైన రేకుల నీడ, నాలుగు వైపులా గాలి. టార్పాలిన్ చుట్టేస్తే లోపల ఉక్కపోసి బూజు పడుతుంది. పై వరస మీద రాళ్లు బరువుగా పెట్టండి. రెండున్నర అంగుళాల ముక్క ఇలా ఆరడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుంది. టేకు మెల్లగా ఆరుతుంది, మెల్లగా ఆరనిస్తే పగలదు. ఇల్లు మూడు నెలల్లో గుమ్మం ఎత్తే దశకు వస్తోందంటే, కోసిన ముక్కలను కిల్న్ (వేడిగాలితో చెక్క ఆరబెట్టే గది) ఉన్న మిల్లుకు పంపి ఆరబెట్టించండి. లేదంటే గోడల్లో ఖాళీ వదిలి గుమ్మాలు తర్వాత పెట్టించుకోండి. పచ్చి గుమ్మం ఎత్తి, అది గోడలోనే ఆరుతుందిలే అనుకోవడం మాత్రం వద్దు. మూలల్లో కీళ్లు తెరుచుకుంటాయి, తలుపు రెక్క ఒక మూల రాసుకుంటుంది, ఫ్రేముకూ ప్లాస్టరింగుకూ మధ్య గీత పడుతుంది.

ఆరిందో లేదో పైకి చూసి చెప్పలేం. తేమ కొలిచే మీటరుంటే ముక్క చివర కాదు, మధ్యలో అప్పుడే కోసిన ముఖం మీద గుచ్చి చూడండి. మీటరు లేకపోతే ఒక పొడవు ముక్క చివరి నుంచి అడుగు వదిలి, అంగుళం మందం బిళ్ల కోయండి. వంటింటి తక్కెడ మీద వెంటనే తూచండి. 125 గ్రాములు ఉందనుకుందాం. దాన్ని 100 నుంచి 105 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా మధ్యమధ్య తూస్తూ ఉండండి. 110 దగ్గర ఆగిపోతే, పోయిన 15ని 110తో భాగించి వందతో గుణించాలి. 13.6 శాతం తేమ. మీ వైపు 12కు అటూఇటూ వస్తే పని మొదలుపెట్టొచ్చు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో 14, 15 ఉన్నా సరే, అక్కడి గాలిలో చెక్క అంతకన్నా ఆరినా మళ్లీ తేమ పట్టుకుంటుంది.

తెల్లచెక్క కొంచెం కలిసిన ముక్కలు బీడింగుకో అల్మారా లోపలికో వాడాలనుకుంటే బోరిక్ మందు పెట్టండి. పది లీటర్ల వేడినీళ్లలో 600 గ్రాముల బోరాక్స్, 400 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, ముక్కలు పచ్చిగా ఉన్నప్పుడే ముంచి తీసి, దగ్గరగా పేర్చి పాలిథిన్ కప్పి రెండు మూడు వారాలు ఉంచాలి. తేమ దారిలోనే మందు లోపలికి దిగుతుంది. ఆ తరువాతే పుల్లలు పెట్టి ఆరబెట్టండి. ఎండిన చెక్కకు పూస్తే పైపైనే ఉండిపోతుంది. ఈ మందు నీళ్లకు కడుక్కుపోతుంది కాబట్టి ఇంటి లోపలికి మాత్రమే. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి.

చిత్రిక పట్టగానే చెక్క రంగు చూసి చాలామంది "ఇది టేకు కాదు, మార్చేశారు" అని మిల్లుమీదికి పోతారు. తాజాగా కోసిన టేకు ముఖం పచ్చటి ఛాయతో, మచ్చలు మచ్చలుగా, అక్కడక్కడ ముదురు చారలతో ఉంటుంది. వెలుతురు తగిలేలా కొన్ని రోజులు ఉంచితే ఆ పచ్చదనం పోయి బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. పాలిష్ చేయించేది ఆ తర్వాతే. రంధ్రాల్లో సున్నంలా తెల్లటి పొడి కనిపించినా భయం లేదు, నేలలోని సున్నపు లవణాలు చెట్టులో అలా పేరుకుంటాయి. ఉలి అంచును మాత్రం చెడగొడుతుంది.

గుమ్మం మూలల్లో కుసి (ఒక ముక్క చివర చెక్కి, రెండోదాని బెజ్జంలో దూర్చే నాలుక) మందం చెక్క మందంలో మూడో వంతు ఉంచండి. బెజ్జం అవతలికి తేలేలా చేసి కర్ర చీల కొట్టించండి. జిగురు పెట్టేచోట టేకు నూనె అడ్డొస్తుంది. చిత్రిక పట్టిన రోజే అతికించాలి, దానికి ముందు గుడ్డతో థిన్నరో అసిటోనో తడిపి తుడిచి, ఆరాక జిగురు రాయాలి. వారం క్రితం చదును చేసిన ముఖానికి రాసిన జిగురు పెచ్చులా లేచొస్తుంది, తప్పు జిగురుది కాదు. వాన తగిలే కిటికీలకు ఎపాక్సీ వాడించండి. తలుపు రెక్కల్లో పలకలు పెట్టిస్తే వాటిని గాడిలో వదులుగా ఉంచాలి, జిగురు వద్దు, మేకు వద్దు. పన్నెండంగుళాల పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య తేమ నాలుగు శాతం మారితే రెండు మిల్లీమీటర్లకు పైగా వెడల్పు మారుతుంది. కదలనివ్వకపోతే పలకైనా చీలుతుంది, రెక్క చట్రమైనా విడుతుంది. మీ చెట్ల నుంచి తలుపు రెక్కలకు సరిపడా వెడల్పు పలకలు రావు. లోపలి గదులకు టేకు వెనీర్ అతికిన ఫ్లష్ డోర్లు పెట్టుకోండి. బాత్రూముకు టేకు ఫ్రేము దండగ, గ్రానైట్ ఫ్రేము పెట్టించండి.

గుమ్మం ఎత్తే ముందు గోడలోకి పోయే ముఖాలకు, నిలువుల అడుగు చివర్లకు రెండు పూతలు బిటుమెన్ పెయింటు వేయించండి. కనిపించే ముఖాలకు ఒక పూత క్లియర్ సీలర్ వేసి, పైన పాలిథిన్ కట్టి ఉంచండి. సిమెంటు నీళ్లు చిందిన చోట టేకు మీద నల్లటి మరక పడుతుంది, ఆ మరక సాండింగ్‌కు అంత తేలిగ్గా పోదు. ఒక్కో నిలువుకు మూడు హోల్డ్‌ఫాస్టులు (ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు), పై అడ్డానికి మధ్యలో తాత్కాలికంగా ఒక ఊతకర్ర, నిలువుల మధ్య కింద ఒక అడ్డబద్ద. గోడ క్యూరింగ్ నీళ్లు రెండు వారాలు పడుతున్నప్పుడు నిలువులు లోపలికి ఒరగకుండా ఆ అడ్డబద్దే కాపాడుతుంది.

సింహద్వారానికి 5 × 3 లో మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, గడపతో కలిపి 23½ అడుగుల పొడవు కావాలి. రెండున్నర ఘనపుటడుగులు అవుతుంది. తరుగుతో మూడు కొనండి. మహారాష్ట్రలోని బల్లార్షా టేకు, ఆదిలాబాద్ వైపు టేకు మన దగ్గర పేరున్నవి. అయోధ్య రామాలయం తలుపులకు వాడింది ఆ బల్లార్షా టేకే. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపేసింది కాబట్టి "బర్మా టేకు దుంగలు, కొత్తగా దిగాయి" అనే మాటను జాగ్రత్తగా వినండి. ఘనా, టాంజానియా, ఈక్వడార్ నుంచి వచ్చేవి అసలు టేకే, తోటల్లో పెంచినవి, తక్కువ వయసువి. వాటికీ మీ చెట్లకూ పెద్ద తేడా ఉండదు. ఇరోకో అనే వేరే చెట్టును కూడా ఆఫ్రికన్ టేకు పేరుతో అమ్ముతారు, అడిగి తెలుసుకోండి. కొనేటప్పుడు అడ్డకోత ముఖాన్ని బ్లేడుతో పలచగా చెక్కి చూడండి. వలయం మొదట్లో రంధ్రాల వరస, వేలితో రాస్తే మైనంలా జారుడు, పాత తోలు వాసన, ఈ మూడూ ఉండాలి. రంగు చూసి కొనొద్దు, రంగు ఏ చెక్కకైనా పూయొచ్చు. గడప ముక్కలో నడిబొడ్డు గానీ తెల్ల అంచు గానీ ఉంటే పక్కన పెట్టేయండి. కాళ్లు తొక్కేది, పసుపునీళ్లు పడేది, చెద ముందుగా ఎక్కేది ఆ ముక్కకే.

పాలిష్ గురించి క్లుప్తంగా. 120, 180, 220 నంబర్ల కాగితాలతో వరసగా రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట మొదటి పూత వేయాలి. లోపలి గుమ్మాలకు మెలమైన్ చాలు. లక్క పాలిష్ అందంగా ఉంటుంది గానీ నీటి చుక్క నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది. ఎండ కొట్టే సింహద్వారానికి మెరిసే మందపు వార్నిష్ వేస్తే కొన్నేళ్లకు పెచ్చులూడుతుంది, మళ్లీ మొత్తం గీకాల్సి వస్తుంది. దానికి బదులు బయట వాడే నూనె పూత ఏడాదికోసారి, వానలు మొదలవకముందే, గుడ్డతో రాసుకుంటే సరిపోతుంది. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, ముక్కు మండిస్తుంది. మీ వడ్రంగికి అది పడకపోతే పొడి చేతులతో కళ్లు రుద్దుకోవద్దని, పని అవగానే సబ్బుతో కడుక్కోమని చెప్పండి.

డ్రిల్లు పరీక్షలో ఏ చెట్టుకు తెల్లచెక్క ఎంత వచ్చిందో రాసి పంపితే, ఆరింటిలో ఏవి కొట్టాలో, ఏవి వదలాలో లెక్కవేసి చెబుతాను.